ఆపరేషన్ శెనిక్కాయ

1998 జూన్ ఇరవై రెండు, సోమవారం. ఉదయం పదింబావు.

పెనుకొండ నుంచి కొత్తచెరువు పోయే రోడ్డు మీద డాక్టర్ పోతులయ్య తన టీవీఎస్ మోపెడ్ ఆపి, వెనక కట్టిన రెండు గోనె మూటల తాడు ఇంకోసారి బిగించుకున్నాడు. మళ్ళీ బండెక్కాడు. రెండు నిమిషాల తర్వాత చనిపోయాడు.

వెనక నుంచి వచ్చిన టెంపోకు నంబరు ప్లేటు లేదు. ఆయన్ని గుద్ది ముందుకు పోయి, ఆగి, రివర్స్‌లో వెనక్కి వచ్చింది. ఇద్దరు దిగారు. కింద పడ్డ మనిషి వైపు చూడను కూడా చూడలేదు. మూటలు రెండూ ఎత్తి టెంపోలో వేసుకున్నారు. చేల గట్టున గొర్రెలు మేపుకుంటున్న నల్లమ్మ అనే ముసలామె ఇదంతా చూసి, కర్ర ఎత్తుకుని అరుస్తూ పరిగెత్తుకొచ్చేసరికి దుమ్ము మాత్రం మిగిలింది.

ఠాణాలో ‘రోడ్డు ప్రమాదం’ అని రాసుకున్నారు. ప్రమాదమైతే మూటలకు కాళ్ళొచ్చి నడిచిపోయినాయా అని నల్లమ్మ అడిగింది. అవ్వా, నువ్వు పక్కకు పో అన్నారు.

అదే రోజు సాయంత్రం నాలుగు గంటలకు, హిందూపురం మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న మోటార్ వైండింగ్ షాపులోకి ఒక రైతు వచ్చాడు. మాసిన పంచె, భుజాన తువ్వాలు, కాళ్ళకు టైరు చెప్పులు.

“ఐదు హెచ్‌పీ మోటారు కాలిపోయిండాది.”

“నీళ్ళు లేకుండా తోలినారా?” కౌంటరు వెనకున్న కుర్చీలోంచి గొంతు వచ్చింది.

“నీళ్ళుండాయి. కరెంటే లేదు.”

కోడ్ సరిపోయింది. రాగితీగ చుట్టలు వేలాడే గోడ పక్కకు జరిగింది. రైతు లోపలికి నడిచాడు.

ఆ రైతు పేరు రామాంజినేయులు. ఇంట్లో అంజి. ప్రభుత్వం ఏ జాబితాలోనూ చూపించని సీడ్ సెల్ అనే గూఢచారి విభాగంలో అతని కోడ్ నేమ్ ‘పల్లేరు’. ముప్పై నాలుగేళ్ళు. సొంతూరు కొత్తచెరువు. అందరికీ కోపం వస్తే గొంతు పెరుగుతుంది. అంజికి తగ్గుతుంది. ఆ రోజు అతని మాట పక్క మనిషికి వినపడాలంటే చెవి ఒగ్గాల్సి వచ్చింది.

లోపల కల్నల్ బాలప్ప. సీడ్ సెల్‌కు సౌత్ చీఫ్. చేతులకు మోటారు గ్రీజు, ముక్కు మీద దారంతో కట్టిన కళ్ళజోడు.

“కూర్చో అప్పా.”

“నిలబడతా సార్.”

“పోతులయ్య నీకు చదువు చెప్పినాడంట గదా.”

“నాకు వచ్చిన కాస్త చదువూ ఆయన చెప్పిందే సార్.”

బాలప్ప చేతి గ్రీజు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత ఫైలు విప్పాడు. “మూటల్లో ఏముండాదో చెప్పు.”

“పి.కె.9. డెబ్బై కిలోల కాయ. పధ్నాలుగేళ్ళ పని.”

“ఇంగ యాడన్నా మిగిలిండాదా?”

“ఒక్క గింజ లేదు సార్. పోయిన వారం ఆడిట్ అని చెప్పి ముగ్గురొచ్చి బీరువాలో ఉన్న శాంపిల్ డబ్బాలు ఎత్తుకుపోయినారు. అసలట్లాంటి ఆడిట్ లేదంట. ఆ రెండు మూటలు పోతే ఈ భూమ్మీద పి.కె.9 లేదు.”

పాఠకులకు ఇక్కడ ఒక చిన్న బ్రీఫింగ్ అవసరం. వాన ముఖం చాటేసిన ఏడాది వేరుశనగ కాయకు భూమిలోనే ఒక బూజు పడుతుంది. కంటికి పసుప్పచ్చటి పొడి. అది పుట్టించే విషం పేరు అఫ్లటాక్సిన్. మిల్లులో నూనె నూనెగా పోతుంది, విషం పిప్పిగా మిగిలిన చెక్కలో ఉండిపోతుంది. చెక్క కోళ్ళ దాణాలోకి పోతుంది. కోడి తింటుంది, దాని కార్జం వాచి పసుపురంగుకు తిరుగుతుంది, వారంలో షెడ్డు ఖాళీ. పోతులయ్య కనిపెట్టిన పి.కె.9 కాయకు ఎంత కరువులోనైనా ఆ బూజు అంటదు. పెనుకొండ కొండ కింద రెండెకరాల ఎర్రనేలలో, ఏడాదికో పంట చొప్పున, బూజుపట్టిన కాయల్ని ఏరి పారేస్తూ ఆయన సాధించింది అదొక్కటే. అది ఊరూరా పాకితే ఒక వర్గానికి మాత్రం నష్టం. విషానికి విరుగుడు పొడి అమ్ముకునేవాళ్ళకు.

“క్రెన్‌ఫెల్ట్,” అన్నాడు బాలప్ప. “విదేశీ కంపెనీ. కోళ్ళ దాణాలో కలిపే పొడి అమ్ముతాది. ఈడ వాళ్ళ ఆపరేషన్ చూసేవాడు డిర్క్. మీ అక్క షెడ్డు కత చెప్పు.”

అంజి గొంతు ఇంకా దిగింది. వాళ్ళ అక్క యల్లక్కకు కొత్తచెరువులో రెండువేల రెండు వందల గుడ్ల కోళ్ళు ఉండేవి. మొన్న గురువారం అతను పోయేసరికి షెడ్డు వెనక గుంత తవ్వి, సున్నం చల్లి, ఒక్కొక్కదాన్నే అందులో వేస్తోంది. “పిల్లలప్పుడు నా చేత్తో నీళ్ళు తాపినా గదరా అంజీ,” అంది. “ఇప్పుడు నా చేత్తోనే గుంతలో వేస్తాండా.” ఏడవలేదు. ఏడ్చినా అతనికి అంత మంట ఉండేది కాదు. చెక్క ఎప్పుడూ కొనే మిల్లుదే. ఈసారి లారీ మాత్రం కొత్తది. కోళ్ళు చచ్చిన మరునాడు పొద్దున్నే, ఇంకా ఎవరికీ కబురే చెప్పకముందే, టై కట్టుకున్నవాడొకడు విరుగుడు పొడి డబ్బా పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు.

“పోతులయ్య సారు వచ్చి ఒక కోడిని కోసి కార్జం చూసినాడు సార్. ‘అమ్మా, ఈ ఏడు నీ మూడెకరాల్లో సరిపోయినకాడికి పి.కె.9 విత్తుదాం, వచ్చే ఏడు మండలమంతా నీ విత్తనమే’ అన్నాడు. ఈ పొద్దు ఆ మూటలే మా అక్కకు తెస్తాండాడు.”

బాలప్ప ఫైలు మూశాడు. “ఆ మూటలు తేవాల. నీకు రెండు సామాన్లు ఇస్తాండా. ఇది పేజరు. ఇది అల్ట్రావయొలెట్ టార్చి. ఈ వెలుతురు పడితే ఆ విషం నీలంగా మెరుస్తాది. ఇంగ ఈ ఫోటో చూడు.”

ఫోటోలో నల్లకళ్ళద్దాలు, పట్టుచీర, సినిమా పోస్టరు మీద వేసుకోదగ్గ నవ్వు.

“భాగ్యశ్రీ. క్రెన్‌ఫెల్ట్‌లో రీజినల్ మేనేజర్. మన మనిషి.”

“వాళ్ళ మనిషి కాదా సార్?”

“వాళ్ళట్ల అనుకుంటాండారు.”

“మనమూ ఉత్తగా అట్లనే అనుకుంటాండామేమో,” అన్నాడు అంజి. బాలప్పకు ఆ మాట నచ్చలేదు.

* * *

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి హిందూపురం శివార్లలోని క్రెన్‌ఫెల్ట్ గోడౌన్‌లో ఒక కొత్త హమాలీ మూటలు మోశాడు. మిగతావాళ్ళు టీకి పోగానే అతను షట్టర్ దించి, చీకట్లో టార్చి వెలిగించాడు. ఎడమవైపు వరుసగా పేర్చిన చెక్క బస్తాల మీద వెలుతురు పడింది. బస్తా కుట్టు సందుల్లో నీలంగా మెరిసింది. రెండో బస్తా, మూడోది, పదోది. ఎండల్లో బాగా ఆరిన కొత్త చెక్కకు అంత బూజు దానంతటది పట్టదు. ఎవరో పెంచి, పొడి చేసి, కలిపారు. కుడివైపు గోడకు ఆనించి విరుగుడు పొడి డబ్బాలు తళతళలాడుతున్నాయి. రోగమూ మందూ ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాయి. అంజికి యల్లక్క తవ్విన గుంత గుర్తొచ్చింది. ఒక డబ్బా తీసి గోడకేసి కొట్టాడు. గూఢచారి చేయకూడని పని. అయినా చేశాడు.

“చప్పుడు చేయకండి మిస్టర్ పల్లేరు.”

వెనక తలుపులోంచి భాగ్యశ్రీ వచ్చింది. నెమలికంఠం రంగు పట్టుచీర, ఖరీదైన సెంటు. చెక్క వాసన మధ్య ఆ సెంటు వాసన అతనికి మరీ వెగటుగా తోచింది.

“కోపంగా ఉన్నారు.”

“మా అక్క కోళ్ళు చచ్చినాయి. మా సారు చచ్చినాడు. నవ్వాలనా?”

“నేను మీ వైపే.”

“యా పక్కనుంచి చూస్తే?”

ఆమె నవ్వింది. “విత్తనం ధర్మవరంలో ఉంది. ఏ ఇల్లో నాకు తెలియదు. డిర్క్ రోజుకు రెండుసార్లు నాకు ఫోన్ చేస్తాడు. చేసినప్పుడల్లా వెనకాల మగ్గం చప్పుడు వినిపిస్తుంది. నాకు తెలిసిన నిజం అంతే.”

“ధర్మవరంలో మగ్గం చప్పుడా? సముద్రంలో ఉప్పుండాదని చెప్పినట్టుంది.”

“నిజం చెప్పాను. వాడుకోవడం మీ పని.”

మధ్యాహ్నం అంజి ధర్మవరం పాసింజరెక్కాడు. బండి పెనుకొండలో ఆగినప్పుడు కిటికీలోంచి కొండ కనిపించింది. దాని కింద ఎక్కడో దున్ని సిద్ధంగా ఉన్న రెండెకరాలు, తాళం వేసిన రేకుల గది. వాన వస్తే ఇక విత్తేవాడు లేడు. ఎదురు సీట్లో వేయించిన శెనిక్కాయలు ఒలుచుకుంటున్న పెద్దమనిషి “ఏమప్పా, తింటావా?” అని గుప్పెడు చాచాడు. అంజి తల అడ్డంగా ఊపాడు.

ఆ సాయంత్రం దాకా బెంగళూరు చీరల బ్రోకరు వేషంలో ధర్మవరం వీధులన్నీ తిరిగాడు. సఫారీ సూటు, చంకలో బ్యాగు, మాటలో కాస్త కన్నడం. ప్రతి ఇంట్లోనూ మగ్గం. టకటక, టకటక. గోడకు చెవి పెడితే రెండు మగ్గాలు, సందులో నిలబడితే ఇరవై. చీకటి పడేసరికి చెవుల్లో హోరు తప్ప ఏమీ మిగల్లేదు. చివరికి గోవిందమ్మ అనే నేతగత్తె ఇంట్లో పెళ్ళిచీర ఒకటి బేరమాడి, రేపొచ్చి చూస్తానని చెప్పి, లాడ్జిలో పడుకున్నాడు. నిద్ర పట్టలేదు.

బుధవారం ఉదయం పదకొండున్నరకు పేజరు మోగింది. ‘డిర్క్ ఈ రోజు మధ్యాహ్నం 12.40 రైలుకు బెంగళూరు. అక్కణ్నుంచి ఫ్లైట్.’

గంటా పది నిమిషాలు. ఊళ్ళో వేల మగ్గాలు. అంజి తనను తాను, భాగ్యశ్రీని, ఆ పేజరును కలిపి తిట్టుకుంటూ గోవిందమ్మ ఇంటికి పోయాడు. వీధి చివరి ఇంట్లో పుట్టి పెరిగిన మనిషికి తెలియని ఇల్లు ఉండదు కదా, కొత్తగా అద్దెకు దిగినవాళ్ళ గురించి ఆమెనే మెల్లగా కదిలిద్దామనుకున్నాడు.

గోవిందమ్మకు యాభై ఏళ్ళుంటాయి. తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి ఉంది. మగ్గం కింద గుంతలో ఎవరూ లేరు.

“ఈ పొద్దు యాడ చూపిచ్చేదప్పా చీర?” అంది. “అమాస్య గదా. అమాస్య పూట మగ్గం ముట్టం. మా తాత ముత్తాతల కాలాన్నుంచి అంతే. రేపు రా.”

అంజి వీధిలోకి తిరిగి చెవి పెట్టాడు.

వీధిలో చప్పుడు లేదు. నిన్న చెవులు పగలగొట్టిన వీధే. ఆడవాళ్ళు అరుగుల మీద ఉన్నారు, మగవాళ్ళు గడ్డాలు గీయించుకుంటున్నారు, పిల్లలు గోలీలాడుతున్నారు. ఎక్కడా ఒక్క మగ్గం కదలడం లేదు.

కాదు, ఒక చోట కదులుతోంది. వెనక సందులోంచి సన్నగా వినిపిస్తోంది. టకటక, టకటక.

గోవిందమ్మ చేతిలో చేట ఆగింది. “ఇదెవురబ్బా?” అంది. చెవి రిక్కించింది. ముఖం ఎర్రబడింది. “ఎవుర్రా అమాస్య పూట మగ్గం నేసేది? సిగ్గు శరం లేదా?” మరి కాసేపు విని నొసలు చిట్లించింది. “అది మడిసి నేసే నేత కాదప్పా. పొద్దున్నించీ వస్తాండాది, నేనే యాదో చప్పుడులే అనుకుంటి. ఒక్కసారన్నా నిలబడల్యా. పోగు తెగదా? కండె అయిపోదా? మడిసన్నాక మంచినీళ్ళన్నా తాగడా?”

“టేప్ రికార్డరు,” అన్నాడు అంజి గొణుగుతున్నట్టు. డిర్క్ ఎంత తెలివైనవాడు! నేతపని వీధిలో ఇల్లు అద్దెకు తీసుకుని, లోపలి చప్పుళ్ళు బయటికి వినపడకుండా పొద్దున్నుంచి సాయంత్రం దాకా మగ్గం చప్పుడు పెట్టాడు. క్యాలెండరులో అన్ని సెలవులూ చూసుకుని ఉంటాడు. అమావాస్య వాళ్ళ క్యాలెండరులో లేదు.

“అక్కా, ఆ ఇల్లు యాడ?”

“సున్నం బట్టీ పక్కన. మూడు వారాలైంది ఎవురో పైదేశమోళ్ళు దిగి. యాలప్పా?”

అతను అప్పటికే పరిగెత్తుతున్నాడు. టైం పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ.

* * *

వెనక గోడ దూకి, వంటగది కిటికీ ఊచ వంచి లోపలికి జారాడు. నడవలో స్టూలు మీద పెద్ద టేప్ రికార్డరు టకటకమంటోంది. దాని పక్కన గాజు పెట్టెల్లో నాలుగు వరుసలుగా చెక్కపొడి, దాని మీద పసుప్పచ్చటి బూజు దట్టంగా పెరిగి ఉంది. పెంపుడు జంతువుకు పెట్టినట్టు ఒక్కో పెట్టెకూ థర్మామీటరు పెట్టారు.

ముందు గదిలో మగ్గం లేదు. మగ్గం గుంత ఉంది. నేతగాడు కాళ్ళు పెట్టుకుని కూర్చునే ఆ గుంతలో రాళ్ళ పొయ్యి పెట్టి, మంట వేసి, పైన ఇనుప బాండలి ఎక్కించారు. బాండలి నిండా ఇసుక పొగలు కక్కుతోంది. పక్కన రెండు గోనె మూటలు. మూతి కట్టిన తాడు పోతులయ్య చేతి ముడి. ఒక మూట విప్పి ఉంది. నేల మీద చాటెడు కాయలు అప్పటికే వేగి నల్లబడి ఉన్నాయి.

వేయించిన గింజ మొలవదు.

“చేతులు పైకి, మిస్టర్ పల్లేరు.”

భాగ్యశ్రీ. చేతిలో లిప్‌స్టిక్. ఒక్క బుల్లెట్ పట్టే లిప్‌స్టిక్ పిస్టల్ అది. ఆమె పక్కన డిర్క్, ఆరడుగుల మనిషి, లినన్ చొక్కా, చేతిలో చిన్న సూట్‌కేసు. పొయ్యి దగ్గర కూలికి తెచ్చుకున్న వేపుడు మనిషి బుట్ట నిండా కాయలు నింపుకుని బిత్తరపోయి చూస్తున్నాడు.

“నువ్వా,” అన్నాడు అంజి. గౌరవం అంతటితో సరి.

“నేనే. మీకు నిజం చెప్పానని మీ చీఫ్ దగ్గర పేరు. అది పనికిరాని నిజమని ఈయన దగ్గర పేరు. అమావాస్య ఒకటుందని ఇద్దరం మర్చిపోయాం.”

“వేయించేది యాలకు? కాల్చి పారేయొచ్చు గదా.”

డిర్క్ ఇంగ్లీషులో నవ్వుతూ చెప్పాడు. ఐదు కిలోలు సూట్‌కేసులో తమ దేశానికి పోతాయి. పదేళ్ళ తర్వాత పేటెంటుతో, కొత్త పేరుతో మళ్ళీ ఇక్కడికే వస్తాయి. మిగతాది కాలిస్తే పొగ, పారేస్తే సాక్ష్యం. వేయించి రైల్లో అమ్మిస్తే మీ జనమే తింటారు, తొక్కలు మీ జనమే కిటికీలోంచి పారేస్తారు. పధ్నాలుగేళ్ళ రీసెర్చ్ ధర్మవరం నుంచి హిందూపురం పోయేలోపు అరిగిపోతుంది.

అంజి జన్మలో అంత కోపం ఎరగడు. పోతులయ్య ఎండలో గొడుగైనా లేకుండా చేలో వంగి ఒక్కొక్క కాయ పగలగొట్టి చూసుకునేవాడు. ఆ పనిని ఈ తెల్లచొక్కావాడు పొట్లాల్లో కట్టి అమ్ముతానంటున్నాడు. నవ్వుతున్నాడు కూడా.

“పొయ్,” అన్నాడు డిర్క్ వేపుడు మనిషితో. ఆ ఒక్క తెలుగు ముక్క మాత్రం నేర్చుకున్నట్టున్నాడు. బుట్ట బాండలి మీదికి వంగింది.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు గడియ ఊడి లోపల పడింది.

“ఎవుర్రా మగ్గం నేసేది?”

గోవిందమ్మ. చేతిలో చేట ఇంకా అట్లనే ఉంది. వెనక వీధి వీధంతా. ముప్పై మంది ఆడవాళ్ళు, అరగడ్డాల మగవాళ్ళు, పెద్ద నేతగాడు పుల్లన్న. వాళ్ళెవరూ గూఢచారిని కాపాడటానికి రాలేదు. అమావాస్య నాడు మగ్గం ముట్టుకున్నవాణ్ని నాలుగు కడిగేయడానికి వచ్చారు. లోపలికొచ్చి చూస్తే మగ్గమే లేదు. మగ్గం గుంతలో మంట ఉంది.

చెప్పులేసుకుని ఆ గుంత దాటడానికే జంకే మనుషులు వాళ్ళు.

“గుంతలో పొయ్యి పెట్టినారే!” గోవిందమ్మ గొంతు చీరుకుపోయింది. “అన్నం పెట్టే గుంతలో నిప్పెడతార్రా!”

చేట వచ్చి వేపుడు మనిషి మొహానికి తగిలింది. వాడు అదిరిపడి బుట్టతో సహా వెనక్కి పడబోతే అంజి లంఘించి బుట్ట పట్టుకున్నాడు. నాలుగు కాయలు ఇసుకలో పడ్డాయి. భాగ్యశ్రీ పేల్చింది. జనం తోపులాటలో చెయ్యి పక్కకు పోయి, బుల్లెట్ నడవలో ఉన్న టేప్ రికార్డరుకు తగిలింది. మగ్గం చప్పుడు ఠక్కున ఆగింది. అంజి కాలితో బాండలిని తన్నాడు. పొగలు కక్కే ఇసుక డిర్క్ బూట్లలో నిండింది. ఆరడుగుల మనిషి గది అంతా ఎగిరాడు. సూట్‌కేసు పుల్లన్న చేతికి చిక్కింది.

భాగ్యశ్రీ అప్పటికే గుర్తింపు కార్డు తీసింది. “నేను ప్రభుత్వ మనిషిని. దారివ్వండి.”

గోవిందమ్మ ఆమె పమిట కొంగు అందుకుని, తిప్పి చూసింది. “ఈ చీర మా వీధిలో నేసిందే. ఇరవై దినాల కష్టం. ఇది కట్టుకోని మగ్గం గుంతలో నిప్పు చూస్తా నిలబడినావా?” కొంగు వదల్లేదు. ముప్పై మంది ఆడవాళ్ళ మధ్యనుంచి డబుల్ ఏజెంటుకైనా దారి లేదు. స్టేషన్లో 12.40 రైలు కూత వేసి వెళ్ళిపోయింది.

* * *

ఒంటిగంటకు ఇన్‌స్పెక్టర్ తిరుపాల్ వచ్చాడు. డిర్క్‌కు, భాగ్యశ్రీకి బేడీలు వేయించాడు. బూజు పెట్టెలకు సీలు వేయించాడు. హిందూపురం గోడౌన్‌కు తాళం పడేలా వైర్‌లెస్‌లో చెప్పాడు. అన్నీ సక్రమంగా చేసి, చివరికి మూటల దగ్గరకొచ్చాడు.

“ఇవి కూడా కేస్ ప్రాపర్టీ. సీలేసి మాల్‌ఖానాలో పెట్టాల.”

“ఎన్ని దినాలు సార్?”

“మర్డర్ కేసు, ఫారినరు. సెషన్సు, హైకోర్టు... పదేండ్లు అనుకో.”

కాలిన పాదానికి గుడ్డ చుట్టుకుంటున్న అంజి లేచి నిలబడ్డాడు. గొంతు పూర్తిగా దిగిపోయింది.

“శెనిక్కాయకు ప్రాణం ఒక్క ఏడాది సార్. ఈ వాన పదునులో భూమిలో పడకపోతే వచ్చే ఏటికి అది గింజ కాదు, చెత్త. ఆయన్ని వాళ్ళు టెంపోతో ఒకసారి చంపినారు. మీరు రబ్బరు స్టాంపుతో ఇంగోసారి చంపుతారా?”

తిరుపాల్ మూటల వైపు చూశాడు. అతని నాయనదీ ముదిగుబ్బ పక్కన నాలుగెకరాల మెట్టసేద్యమే. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

“పంచనామా కాగితాలు తెచ్చేకి ఒక గంట పడ్తాది,” అన్నాడు. “నేను భోంచేసొస్తా. నేనొచ్చేసరికి ఈడ రెండు మూటలుండాల. శెనిక్కాయలుండాల. శెనిక్కాయల్లో రకాలు నాకు తెలీవు. నేను సైన్సు చదవల్యా.”

అతను వీధి మలుపు తిరగకముందే పుల్లన్న సైకిలెక్కి మండీకి బయల్దేరాడు.

శుక్రవారం మధ్యాహ్నం కొత్తచెరువులో వాన పడింది. గంటన్నర కురిసింది. యల్లక్క, ఇంకో పన్నెండు మంది ఆడవాళ్ళు రెండు రోజులు కూర్చుని డెబ్బైలో మిగిలిన అరవై నాలుగు కిలోల కాయ చేత్తో ఒలిచారు. ఒక్కరూ ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. ఒలుపుడు పనిలో ఇలాంటిది ఆ ఊళ్ళో ఎవరూ కనీవినీ ఎరుగరు. ఆదివారం పొద్దున గొర్రు కట్టారు. గింజలు ఒక ఎకరాకు కూడా పూర్తిగా చాలలేదు. మిగిలిన నేలంతా యల్లక్క బీడుగానే వదిలేసింది, వేరే రకం పక్కన కలవకూడదని. గొర్రు వెనక నడుస్తూ విత్తనం వదులుతున్న అక్కను చూస్తూ గట్టు మీద అంజి ఏడ్చాడు. కోపం తగ్గి కాదు. కోపం అట్లే ఉంది.

సాయంత్రం ఊళ్ళోని ఎస్టీడీ బూత్ నుంచి హిందూపురానికి ఫోన్ చేశాడు.

“మూటలు మార్చినారంట గదప్పా,” అన్నాడు బాలప్ప. “సాక్ష్యం మార్చేది నేరం. మనిద్దరికీ జైలే. తెల్సునా?”

“తెలుసు సార్.”

“ఊఁ. పదునెంత దిగింది?”

“జానెడు సార్.”

“అయితే సరే పో,” అని పెట్టేశాడు కల్నల్.

కేసు ఇంకా వాయిదాల మీదే నడుస్తోంది. సీలు వేసిన రెండు మూటలనూ మాల్‌ఖానా ఎలుకలు రెండేళ్ళలోనే పూర్తి చేశాయి. ఆ ఎలుకల మీద మాత్రం ఇంతవరకు ఎఫ్ఐఆర్ నమోదు కాలేదు.